స్విచ్ నొక్కితే దిగే అద్దాలు

ఏవండీ,

మొన్ననే మీ సంవత్సరీకం పెట్టాం. ఏడాది మైల తీరడమే తరువాయి, మీ తమ్ముడు ఇవాళ కొత్త కారు తెచ్చాడు. మీరు కొన్న రకమే, ఇంకో నాలుగు స్విచ్‌లు ఎక్కువ.

"పూజ అయ్యేవరకు మీరు లోపలుండండి వదినా," అన్నాడు. ముండమోపిని కదా, కొత్త బండికి ఎదురు రాకూడదు. కిటికీలోంచి చూశాను.

"పాతకాలం కార్లలా అద్దాలు చేత్తో తిప్పక్కర్లేదండి, స్విచ్ నొక్కితే చాలు," అని అందరికీ చూపిస్తున్నాడు. మీరూ ఇలాగే మురిసిపోయారు. కలిదిండి చేపల చెరువు గట్టు మీంచి మీ కారు నీళ్లలోకి జారినప్పుడు కరెంటు పోయి ఒక్క అద్దమూ దిగలేదు. మిమ్మల్ని బయటికి తీసినప్పుడు మీ వేలు ఇంకా స్విచ్ మీదే ఉందట.

పూజయ్యాక వెళ్లి, స్టీరింగ్ ముందు కూర్చున్న అతని ఒళ్లో సుత్తి పెట్టాను. ఆ రోజు చెరువు మనుషులు మనింటిదాకా పరుగెత్తుకొచ్చి పట్టుకెళ్లిన సుత్తే.

"ఇదెందుకు వదినా?"

"మీ అన్నయ్యగారికి ఆలస్యంగా అందింది, మరిదిగారూ. మీరు పక్కనే ఉంచుకోండి."

ఇప్పుడు వాన పడుతోంది. కారు గుమ్మం ముందే ఉంది, టైర్ల కింద నిమ్మకాయలు నలగలేదు. నాలుగద్దాలూ దించే ఉంచాడు.