పెదనాన్న సవరించే కట్ట

అమ్మకు, నా దగ్గు తగ్గింది, బాగానే ఉన్నాను. పెదనాన్న మనుషుల్ని మరిచిపోయి, రోజంతా కాగితాలు విదిలించి బల్లకేసి తడుతున్నారనీ, ఆ చేతులు కుదురుగా ఉండడానికి మాత్రలు వేయిస్తామనీ రాశావు. కాస్త ఆగండి.

నిన్న మా కాలేజీలో పాత కార్డ్ రీడర్‌ను ఇనుపసామాన్ల వాడికి ఇచ్చేశారు. ఒకప్పుడు కంప్యూటర్‌కి ఏం చెప్పాలన్నా కార్డులకు చిల్లులు పొడిచి దీనికే తినిపించేవారట. దాన్ని నడిపిన ముసలాయన చివరిసారిగా ఒక కార్డుల కట్టను విసనకర్రలా విప్పి, విదిలించి, బల్లకేసి తట్టారు. అచ్చం పెదనాన్నే.

"ఏమ్మా, పేకాట అనుకున్నావా? ఇలా సవరించకపోతే రెండేసి మింగేసి మొరాయిస్తుంది," అన్నారు.

సవరించడం. ఎంత మంచి మాటమ్మా. పెదనాన్న చేసిన ఉద్యోగం ఇదే కదా, మనలో ఒక్కరమైనా వెళ్లి చూడలేదు. ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. మనమేమో చేతిలో పని లాక్కుంటున్నాం.

డాక్టరుగారికి ఇది చెప్పు. ముసలాయన్ని అడిగి తెచ్చిన ఖాళీ కార్డులు పార్సెల్‌లో పంపుతున్నాను. నా నీలం స్వెటర్ దొరికిందా? చెల్లి లెక్కల పరీక్ష ఎలా రాసింది?

చదివాక, ఈ ఉత్తరం రాసిన కార్డు కూడా పెదనాన్నకే ఇవ్వు. మూల మడత పడి ఉంటే గోటితో సాపుచేసి ఇవ్వు. ఆయనకు నా నమస్కారాలు. ఎవరని అడిగితే, కార్డులు పంపిన అమ్మాయని చెప్పు.