చుక్కల సేద్యం

జహీరాబాద్,
శుక్రవారం

చిరంజీవి మంజునాథ్‌ను మీ బావ చెన్నబసప్ప దీవించి రాస్తున్న సంగతులు.

ఈ ఉత్తరం రాయకుండానే సరిపెడదామనుకున్నాను. పెన్ను దొరకలేదు. దొరికితే రీఫిల్ ఎండిపోయి ఉంది. కొత్త రీఫిల్ తెప్పించేసరికి రాయాలన్న బుద్ధి ఎండిపోయింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మాది రెండు గదుల ఇల్లు. మీ అక్కకు షుగర్‌తో కళ్లు పోయాక చెవులు పదునెక్కాయి. వంటింట్లో నేను చక్కెర డబ్బా మూత తీస్తే మంచం మీది నుంచే "ఎన్ని చెంచాలు?" అంటుంది. ఇప్పుడు నీకు చెప్పబోయేది ఆమె వినగూడదు. అందుకే కాగితం.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ. ఉన్నది ఇద్దరం. అందులో నేను క్షేమం.

నీ దుప్పటి అందింది. మీ అక్క చేత్తో తడిమి "బరువున్నది. షోలాపూర్ల దుకాణం పెట్టినా తమ్మునికి అక్క యాదికున్నది" అన్నది. కోహీర్ జామ పంపమన్నావు. ఈసారి కాయ పుల్లగా ఉంది, పంపితే నన్నే తిడతావు.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకపోదామా అని అడిగావు. వద్దు. రెండు కిడ్నీలూ పోయాయి. మిషన్ మీద పడుకోబెట్టి రక్తం కడిగినన్నాళ్లు కడిగారు. ఒకరోజు ఆటో వాకిట్లో హారన్ కొడుతుంటే మీ అక్క మంచం దిగనన్నది. "అల్లం కడిగినట్టు కడుగుతున్రు నన్ను. కడిగిన అల్లం ఎన్ని దినాలుంటదో నీకు తెల్వదా? ఇగ నేను రాను" అన్నది. గంజ్‌లో జన్మంతా అల్లం అమ్మినవాణ్ణి, నాకు తెలియకేం? మన్నుతో ఉన్నంతకాలమే అల్లం నిలుస్తుంది. ఆటోవాణ్ణి పంపించేశాను. డాక్టరు కూడా "ఇంట్లనే ఉంచుండ్రి, నొప్పి తెల్వకుండ చూసుకోండ్రి" అన్నాడు. మా గల్లీలో ఉండే నర్సమ్మ రేఖ పొద్దున్నే వచ్చి సూది వేస్తుంది. ఆ సూది మధ్యాహ్నం దాకే పనిచేస్తుంది.

ఇక నీ మూడో ప్రశ్న. 'చుక్కల సేద్యం' మిగిలిన భాగాలు వస్తున్నాయని అక్క ఫోన్లో చెప్పిందనీ, ఏ ఛానలో రాస్తే నువ్వూ చూస్తాననీ అడిగావు. దానికి జర ఆగు. నీకు తెలిసిన కథే అయినా మొదటి నుంచి చెప్పుకుంటే నాకు తృప్తి.

నువ్వు మా ఇంట్లో ఉండి ఇంటర్ చదివే రోజులు. ఆదివారం పదకొండు గంటలకు గల్లీ అంతా మన ముందు గదిలోనే. భూమ్మీది మన్నంతా చచ్చిపోతే ఒక రైతు కుటుంబం గుప్పెడు గింజలు పట్టుకుని ఓడెక్కుతుంది. ఒక ముసలమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. వారానికో చుక్క మీద దిగుతారు. ముసలమ్మ కొంగుముడి విప్పి ఒక గింజ నాటుతుంది. అది మొలవదు. మళ్లీ ఓడెక్కుతారు. అంతే కథ. అంత కథా పదేళ్ల పైన నడిచింది. ఓడ గోడలకు అంటించినవి టిఫిన్ ప్లేట్లని నువ్వే కనిపెట్టావు. చుక్క అంటే మండే గోళం, దాని మీద కాలు పెట్టలేరని నేను గ్రంథాలయంలో చదివొచ్చి చెబితే, మీ అక్క చాటలో జొన్నలు చెరుగుతూ తలెత్తకుండా ఏమన్నదో గుర్తుందా?

"నువ్వు చదివినవు. వాళ్లు పోయి దిగిన్రు. ఎవల మాట నమ్మాలె?"

చదువుకున్నవాణ్ణని ఆ తర్వాత ఆమె ముందు చెప్పుకోలేదు.

ఆమె ఆ సీరియల్ చూసేది కాదు, దానికి వ్యవసాయం నేర్పేది. "అది చౌడు నేలరా, సూస్తనే తెలుస్తలేదా?" అని తెర మీది కొడుకును తిట్టేది. "గింజ నానబెట్టి పెట్టుండ్రి" అని కోడలికి చెప్పేది. ఒక వారం ముందుకు వంగి చూసి "గది మన్ను గాదు, రంపపు పొట్టు" అని తేల్చింది. ముసలమ్మ వేషం కట్టినామెను మార్చి వేరే ఆమెను పెడితే నెల రోజులు ఒప్పుకోలేదు. గింజను పట్టే తీరే వేరంది. ఇన్ని తప్పులు పట్టిన మనిషే, ప్రతి ఆదివారం చివర్లో ఊపిరి బిగబట్టి అడిగేది: "మొలిచిందా?"

తర్వాత ఒక ఆదివారం దాని జాగాలో వంటల కార్యక్రమం వచ్చింది. మరుసటి వారం కూడా వంటలే. పండక్కి వచ్చిన నువ్వు "గింజలు మొలుస్తలేవని వండుకున్నట్టున్నరు, అక్కా" అన్నావు. రెండు రోజులు నీతో మాట్లాడలేదు ఆమె. నీకు నవ్వులాట. ఆమెకు మాత్రం సగం దున్ని వదిలేసిన చేను.

మిషన్ మానేసిన వారం ఉన్నట్టుండి అడిగింది. "చుక్కలల్ల తిరిగేటోళ్లు ఏమయిన్రో. ఆ గింజ మొలిచిందని వింటే ఇగ నాకేం పని లేదు, పోత." మనిషికి ఏదో ఒక ఆశ అందించాలి కదా అని నా నోటి నుంచి వచ్చేసింది, మిగిలిన భాగాలు ఇప్పుడు ఫోన్లో వస్తున్నాయని.

ఏ ఛానల్ అని కదా అడిగావు. ఏ ఛానలూ కాదు, మంజునాథ్. ఆ సీరియల్ ఎక్కడా రావడం లేదు. రోజూ మధ్యాహ్నం నేను ఫోన్లో మలయాళం వార్తలు పెడుతున్నాను. పాత టేపులు మలయాళంలోనే దొరికాయనీ, నేను తెలుగులో చెబుతాననీ నమ్మించాను. "నీకు మలయాళం ఎప్పుడొచ్చింది?" అంది. "గంజ్‌కు అల్లం కోసం కేరళోళ్లు వస్తుండె గదా" అన్నాను. వాళ్ల దగ్గర నేర్చుకున్నది ధరలూ, రెండు తిట్లూ. అటు ఎవరో ఆవిడ ఎక్కడి వానల గురించో చదువుతుంటే, ఇటు నేను ఓడను కొత్త చుక్క మీద దింపుతున్నాను.

ఇంతవరకే అయితే ముసలివాడి కోతలని నవ్వి ఊరుకునేవాడివి. గింజ మొలిస్తే పోతానన్నది కదా. అందుకని నేను మొలవనివ్వడం లేదు. ఒకరోజు గాలివాన తెచ్చాను. ఒకరోజు చీమలు. ఒకరోజు ఆ చిన్నపిల్ల చేత గింజ తొక్కించాను. ఏ పాపమూ ఎరగని ఆ కుటుంబం మీదికి నేను తేని కరువు లేదు. మీ అక్క రోజూ "మొలిచిందా?" అంటుంది, నేను "లేదు" అంటాను. "రేపు సూద్దాం" అని గోడ వైపు తిరుగుతుంది. ఆ రేపు కోసమే ఆ అబద్ధమంతా.

పోయిన ఆదివారం మా బిడ్డ దీపిక బీదర్ నుంచి వచ్చింది. ఎప్పుడు కనిపెట్టిందో, నన్ను వీధి నల్లా దాకా చెయ్యి పట్టి తీసుకపోయింది.

"నాయినా, ఇగ బంద్ చెయ్యి. అమ్మ నీ కథ కోసమే ఉన్నది."

"ఉన్నది గదనే బిడ్డా."

"ఉన్నది. ఎట్లున్నది? దుప్పటి అంచు నోట్ల కుక్కుకుంటున్నది, మూలుగు నువ్వు వింటవని. నీకు కనబడ్తలేదా?"

కనబడుతూనే ఉంది. నీ దుప్పటి అంచు పళ్ల గాట్లతో చిరిగిపోయింది. ఆ సంగతి నీకు రాయగూడదనుకున్నాను, రాశాను.

నల్లా కింద ఎవరిదో బిందె నిండి నీళ్లు పొర్లుతున్నా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆమె ఆ సాయంత్రమే బస్సెక్కి పోయింది. తర్వాత మూడు రోజులూ నేను చీమలనే తెచ్చాను. మూడో రోజు మీ అక్క, "ఆ చీమలకు పసుపు చల్లమను" అంది. ఆ మాట అనడానికి దుప్పటి అంచు నోట్లోంచి తీయాల్సి వచ్చింది.

నిన్న మధ్యాహ్నం వార్తలు పెట్టాను. ముసలమ్మ చేత గింజ నాటించాను. మీ అక్క అడిగింది.

"మొలిచిందా?"

"మొలిచింది."

ఫోన్లో ఆవిడ చదువుతూనే ఉంది.

"ఏం గింజ?"

చూడు మంజునాథ్, పదేళ్లు చూశాం, ఇన్నాళ్లు నేను కల్పించాను, అది ఏం గింజో వాళ్లూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు.

"జొన్న" అన్నాను.

"పచ్చజొన్ననా, తెల్లజొన్ననా?"

"తెల్లది."

"నల్లరేగడా?"

"నల్లరేగడే."

"అట్లయితే ఫికర్ లేదు. వాన గూడ వద్దు దానికి. మంచుకే పెరుగుతది" అంది. దుప్పటి మీదికి లాక్కుని, "ఇగ ఎవలు సూడకున్నా పెరుగుతది" అంది.

ఫోన్ ఆపేశాను. మీ అక్క రేపు ఏమవుతుందని అడగలేదు. ఒకవేళ అడిగితే పిట్టలు వచ్చాయని చెబుదామని పిట్టలను సిద్ధంగా పెట్టుకున్నాను. అంత సిగ్గులేనివాణ్ణి నేను.

నీ చివరి ప్రశ్న, రావాలా వద్దా అని. రా. దుకాణం ఎవరికైనా అప్పజెప్పి, ఈ ఉత్తరం అందిన రోజే బయల్దేరు. వచ్చాక ఛానల్ మాట ఎత్తకు. గింజ మొలిచిందట కదా అక్కా అని మాత్రం అను.

ఈ పొద్దు రేఖ వస్తే మీ అక్క సూది వద్దన్నది. గంజి కూడా వద్దన్నది. ఆ గంజి నేను తాగి, గిన్నె కడిగి బోర్లించాను.

ఇట్లు,
మీ అక్క మంచం పక్కనే కూర్చుని రాసిన
నీ బావ
చెన్నబసప్ప