శుక్రుడి మీద మబ్బులు

మద్రాసు

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు.

అక్కడ మీరంతా కులాసాయే అనుకుంటాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, నా తిండి గురించి బెంగ పెట్టుకోకండి. ఇక్కడ ఉక్క మాత్రం చెప్పలేను. మూడు పూటలా సాంబారే. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి ఒక సీసా పంపండి.

నక్షత్రశాలలో నా పని నీకు తెలుసు కదా, పైకప్పు మీద గ్రహాల బొమ్మలు వేస్తుంటే తెలుగులో వివరం చెప్పడం. సోమవారం నా నోటిదురద వల్ల పరువు పోయింది. బడిపిల్లలు నిండా ఉన్నారు. శుక్రుడి బొమ్మ పడింది, ఒళ్ళంతా తెల్లటి మబ్బు. రాసిచ్చిన కాగితంలో లేకపోయినా, అక్కడ హాయిగా చల్లగా ఉంటుందని మైకులో అనేశాను. గోదావరివాళ్ళం, మబ్బు కనపడితే చాలు ప్రాణం లేచివస్తుంది మనకి.

ఆట అయ్యాక మా సారు పిలిచి చెప్పారు. అవి నీటి మబ్బులు కావట, ఆమ్లమట. వాన పడినా నేలకు చేరకుండానే ఆవిరైపోతుందట. దట్టమైన గాలి వేడిని బయటికి పోనివ్వక, రాత్రీ పగలూ నాలుగు వందల అరవై డిగ్రీలట. సీసం కరిగిపోతుందట. సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడు కూడా అంత మండడట. శుక్రుడంటే పెళ్ళిళ్ళు చేయించే చల్లని స్వామి అనుకుంటూ పెరిగాను. ఆ పూట అన్నం సయించలేదు.

అన్నయ్యా, మండపేటలో అందరికీ ముహూర్తాలు పెట్టేవాడివి, నీ మాట కాదనను. శారదనీ పాపనీ ఆత్రేయపురంలో పుట్టింటి నుంచి తెచ్చుకుంటానంటే ఫోన్లో ఏమన్నావు?

"శుక్రమూఢంరా. పసిబిడ్డతో తొలి ప్రయాణం పనికిరాదు. ఇంకో నెలన్నర ఆగు."

పాపకి నాలుగో నెల వచ్చింది. కొత్త ఉద్యోగమని సెలవివ్వక, ఫోటోలో తప్ప దాని మొహం నేను చూడలేదు. శుక్రుడు సూర్యుడి వెనక్కి వెళ్ళాడని సారు కూడా అన్నారు, నీ పంచాంగం తప్పలేదు. కానీ ఎక్కడో మండిపోతున్న ఆ కొలిమి నా కూతుర్ని ఆపుతోందంటే ఏడుపొచ్చింది. సారుతో అంతా చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. మూడు రోజులు సెలవిచ్చారు.

మూఢం తల్లీబిడ్డలకి. తండ్రి రైలెక్కకూడదని నీ పంచాంగంలో లేదు కదా. శుక్రవారం బయలుదేరుతున్నాను. కొత్త మనిషినని పాప గుక్కపట్టి ఏడుస్తుందేమో. ఏడవనీ, కిందికి మాత్రం దించను.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. కోపం తెచ్చుకోక దీవించు.

నీ తమ్ముడు
మూర్తి