మార్లీ దవడ మళ్లీ కొలవాలని

రాష్ట్ర దంతసహాయ సమీక్షాధికారి గారికి, పైన్‌లిక్ ఊరి టైర్ల షాపులో పనిచేసే డస్టిన్ క్రెయిగర్ పెట్టుకున్న అర్జీ.

విషయం: నా చెల్లెలు మార్లీ (వయసు పన్నెండు) దవడ వైద్యానికి తమరు పంపిన తిరస్కారం రద్దు చేయుట గురించి.

అయ్యా,

1. పైపళ్లు కిందిపళ్లకన్నా తొమ్మిది మిల్లీమీటర్లకు మించి ముందుకుంటేనే సాయమని తమ నిబంధన. మార్లీకి ఆరేనని తమ ఉత్తరం. ఆ ఆరు తప్పు. సోఫాలో నిద్రపోతుంటే షాపు స్కేలు కడిగి నేనే కొలిచాను. పదకొండు.

2. వచ్చే ఏడాది తిరిగి దరఖాస్తు చేసుకొనవలెనని రాశారు. దవడను ముందుకు తెచ్చే పరికరం ఎముక పెరిగే వయసులోనే పనిచేస్తుందని దాన్ని చూసిన పళ్ల డాక్టర్ హోల్కమ్ అన్నారు. అది దాటితే దవడ కోసి జరపడమే. ఎముక తమ ఆఫీసు క్యాలెండరు చూసి పెరగదు.

3. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. మార్లీ మూడో తరగతిలో ఉండగా, స్కూల్లో ఫోటోలు తీసే రోజు, బస్సు దగ్గర నేనే అన్నాను:

"ఒసేయ్ ఉడుతా, ఆ మూతేంటే? కింది దవడ ముందుకు నెట్టు. ఆఁ, అట్లా. ఇప్పుడు మనిషిలా ఉన్నావ్."

"ఎంతసేపు పెట్టాలన్నా?"

"ఎవరైనా చూస్తున్నంతసేపు."

నాలుగేళ్లుగా అలాగే పెడుతోంది. తినేటప్పుడు కూడా. కొలిచేటప్పుడు డాక్టరు "మామూలుగా కరువమ్మా" అంటే ముందుకు నెట్టే కరిచింది. దానికి అదే మామూలు.

4. తమ ఉత్తరం చదివి బల్ల గుద్దాను. "కావాలనే చేశావా?" అని అరిచాను.

"బాగానే పెట్టానుగా అన్నా, నువ్వు చెప్పినట్టే," అంది. అప్పుడూ దవడ ముందుకే ఉంది.

మొదటి రెండు అంశాలూ కోపంతో రాశాను. కొట్టేయను, అవీ నిజమే. కానీ శిక్ష పడాల్సింది నాకు, దాని ఎముకకు కాదు. నాలుక కొన అంగిలి వెనక చివరకు ఆనించి కరిస్తే దవడ తన చోటికి పోతుందట. కావున తమరు చిత్తగించి, ఆ విధంగా మరల కొలిపించవలెను.

తమ విధేయుడు,
డస్టిన్ క్రెయిగర్

తా.క. మొదటిసారి కొలిచినప్పుడు నేను దాని ఎదురుగానే కూర్చున్నాను. ఈసారి గదిలోకి రాను, బయట ట్రక్కులో ఉంటాను. అన్న చూడటం లేదని దానికి చెప్పండి.