స్విచ్ ఆపిన గీజరు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలిసినా నీకే రాస్తున్నాను.

స్విచ్ ఆపాకే నువ్వు స్నానానికి వెళ్ళావని బావ ఒట్టేశాడు. ఆపిన గీజరు షాకెలా కొడుతుంది? నేను నమ్మలేదు. అప్పటినుంచి అతనితో మాటల్లేవు.

ఇవాళ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలోని మా విల్లాలో రెండో గీజరు బిగించారు. ఎలక్ట్రీషియన్ రషీద్ భాయిది కరీంనగర్. రెండు గీజర్ల స్విచ్‌లూ ఆపి, "లైట్లు ఆరినయ్ గద మేడం, ఖలాస్" అన్నాడు.

"అయితే ఆ తీగ పట్టుకో భాయ్."

"నేనెందుకు పట్టుకుంట? పిల్లలున్నోణ్ణి!"

నవ్వుతూనే తీగకి టెస్టర్ పెట్టాడు. వెలిగింది. అతని నవ్వు ఆగిపోయింది. స్విచ్‌ని కరెంటు వచ్చే తీగకి కాక, తిరిగి వెళ్ళే తీగకి కలిపాడట.

"గలత్ అయింది మేడం. ఇట్లుంటే బంద్ జేసినా షాక్ కొడ్తది. నజ్మా దిక్కు పాత బిల్డింగులల్ల గూడ ఇట్లనే ఉంటయ్."

నజ్మా అంటే మీ ఏరియానే కదా, ఆ పేరు వినగానే బావకి ఫోన్ చేశాను. ఇంకా అక్కడ నువ్వున్న గదిలోనే ఉంటున్నాడు.

"బావా, ఆ గీజరు వాడుతున్నావా?"

"లేదమ్మా. చలికాలంలో కూడా చన్నీళ్ళే."

"ఎలక్ట్రీషియన్‌ని తీసుకొస్తున్నాను. అప్పటిదాకా దాని జోలికెళ్ళకు" అన్నాను.

నీ చెల్లి