కారు చూడని సముద్రం

బావా, కారు బయటికి తియ్యకు, బ్రేకులు సరిగ్గా పడట్లేదు. అన్నం హాట్‌బాక్స్‌లో ఉంది. నేను బందరు సర్వీస్ సెంటర్‌కి వెళ్తున్నాను. మనం సముద్రంలో దింపబట్టే బ్రేకు పైపులు తుప్పుపట్టాయట, ఎక్స్‌టెండెడ్ వారంటీ వర్తించదని మళ్లీ మెసేజ్ పెట్టారు. కారు కొన్నాక హంసలదీవి బీచ్ మొహమే చూడలేదు, ఒళ్లు మండిపోయింది నాకు. తర్వాత అనుమానమొచ్చి, నువ్వు రోజూ కారు కడిగే బోరు నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పు కషాయం! తాగేది టిన్ను నీళ్లు కాబట్టి ఇన్నాళ్లూ మనకి తెలియలేదు. ఒక సీసా పట్టుకెళ్తున్నాను, వాళ్లనీ రుచి చూడమంటాను. మనం సముద్రానికి వెళ్లలేదని గెలుస్తానేమో గానీ, బావా, అదే మన దొడ్లోకి వచ్చేసింది.

హైమ

చెప్పడం మర్చిపోయాను. నారుమడికి ఆ బోరు మోటారు వెయ్యకు. ఈ వారంలో ఎప్పుడైనా వేసి ఉంటే, అన్నం తర్వాత తిందువుగాని, ముందు వెళ్లి నారు కొసలు మాడాయేమో చూసి ఫోన్ చెయ్యి.