రో అక్షరానికి పాట

మణికొండ,
బుధవారం.

అమ్మకు,

నీ పెద్ద కూతురు దివ్య నమస్కారాలు. ఇక్కడ నేనూ తమ్ముడు శివా వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. క్షేమమంటే అంతవరకే అయితే క్షేమమే. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ బాగుండాలని కోరుకుంటున్నాను.

టమాటా లోడుతో వచ్చిన గోవిందప్ప మామ నీ ఊరగాయ జాడీ, దాంతోపాటు నువ్వు రాసిన చీటీ ఇచ్చాడు. రేపు మదనపల్లెకు తిరిగి వస్తున్నాడు కాబట్టి జవాబు ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోనుండగా ఈ రాతలేమిటని విసుక్కోకు. నువ్వు ఫోనెత్తితే స్పీకరు పెట్టి వీధి వీధంతా వినిపిస్తావు. ఇక్కడేమో ఈ రెండు గదుల ఇంట్లో నేను నోరు విప్పితే శివకు వినబడుతుంది. ఇది నీకొక్కదానికే చెప్పాల్సిన సంగతి.

నా దగ్గు తగ్గింది. మిరియాల కషాయం తాగుతున్నాను, ఒట్టు. శివకు చూసిన లావణ్య ఫోటో చూశాను, పిల్ల లక్షణంగా ఉంది. శివ ఆ ఫోటోను ఫోన్లో పెట్టుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపిస్తున్నాడు. వాళ్ళ నాన్న పట్టుదల నాకు అర్థమైంది. పొలం వద్దు, ఇల్లు వద్దు, అబ్బాయి ఉద్యోగం నిలకడదైతే చాలంటున్నాడు. శుక్రవారం తాంబూలాలు మార్చుకోవచ్చా అని అడిగావు. దానికి జవాబు కింద రాస్తాను. కొంచెం ఓపిక పట్టు.

"మీరు ఆఫీసులో పని చేస్తారా, పాటలు పాడుకుంటారా?" అని కూడా అడిగావు. రెండూనమ్మా. మా టీమ్ చేసేదంతా ఒక జపాన్ కంపెనీ పని. శివ లాంటివాళ్ళు కంప్యూటర్ల మీద ఆ పని చేసిపెడతారు. వాళ్ళ మాట మనవాళ్ళకు, మనవాళ్ళ మాట వాళ్ళకు చేరవేయడం నా ఉద్యోగం. ఆ కంపెనీ తరఫున ఒగావా గారనే పెద్దాయన ఏటా వస్తారు. వచ్చినప్పుడు మాదాపూర్‌లో ఒక హోటల్ గది తీసుకుని, తెర మీద అక్షరాలు చూస్తూ మైకు పట్టుకుని జపాన్ పాటలు పాడతాం. కరవొకే అంటారు.

అందులో ఆయన నేర్పిన ఆట ఒకటుంది. మన అంత్యాక్షరికి పెద్దమ్మ కూతురనుకో. ఒక మాట మనసులో అనుకోవాలి. అందులో ఎన్ని అక్షరాలుంటే అన్ని పాటలు. ఒక్కో పాట పేరు ఒక్కో అక్షరంతో మొదలవ్వాలి. వరుసగా పాడుతూ పోతే, ఆ మాటేమిటో ఎదుటివాళ్ళు కనిపెట్టాలి. వాళ్ళ అక్షరాలూ మనవాటిలాగే క, కి, కు అని పలికేవే కాబట్టి మనవాళ్ళకు తొందరగానే పట్టుబడింది. పాటలు ఏరిపెట్టే పని మాత్రం ప్రతిసారీ నా నెత్తినే.

ఈసారి మాట ఎంచింది నీ కొడుకు. యొరోషికు. 'ఇకమీదట కూడా మమ్మల్ని కనిపెట్టుకుని ఉండండి' అని చెప్పడానికి వాళ్ళు వాడే మాట. "కాంట్రాక్టు మళ్ళా రాసే టైము గదక్కా. పాటలతో అడిగినామంటే సార్ కాదనలేడు" అన్నాడు. యొ, షి, కు తేలిగ్గానే దొరికాయి. మా టీమ్‌లో బోరబండ నుంచి వచ్చే రేఖ "అక్కా, జర చిన్న పాట ఇయ్యి, నాతోని గంత లంబా పాట కాదు" అని పొట్టి పాట లాక్కుంది. రోతో మొదలయ్యే పాటలు మాత్రం వాళ్ళ భాషలో కరువు. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది, ఇరుకు సందులో అద్దెకుండే మనిషి మీద పాత పాట. సాగదీసి పాడాలి. ఎవరూ దాని జోలికి రాలేదు. "నాకియ్యి, నేను పాడతా" అన్నాడు శివ. వాడి గొంతు సంగతి నీకు తెలుసు కదా. అయినా స్నానం చేస్తూ, ఆఫీసు బస్సులో, అన్నం కలుపుకుంటూ అదే పాట. పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు కూడా.

శనివారం పాడాం. శివ పాట మొదలవగానే అందరూ నవ్వారు, కాసేపటికి నవ్వడం మానేశారు. తప్పులున్నా ప్రాణం పెట్టి పాడాడు. మూడో పాట అయ్యేసరికే ఒగావా గారికి మాట తెలిసిపోయింది. చేతిలోని గ్లాసు కింద పెట్టేశారు. నాలుగోది అవగానే శివ చెమటలు తుడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, సార్‌కు చెప్పు. నాకు పెండ్లి కుదురుతా ఉంది. ఆయన ఇచ్చిన పని చూసే పిల్లనిస్తా ఉండారు. మా ఊరికి ఆయన రావాల."

చెప్పాను. ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాను. ఆయన లేచి నిలబడి, చేతులు పక్కలకు ఆనించి, నడుము దాకా వంగారు. అలాగే ఉండిపోయారు. శివ కూడా వంగాడు. గదిలో చప్పట్లు మోగాయి. మర్నాడు వాడు నీకు ఫోన్లో చెప్పింది అదే. నువ్వు చీటీలో "అంత పెద్దాయన అంతసేపు వంగినాడంటే ఇంక ఉద్యోగానికి ఢోకా లేనట్టే గదా?" అని రాసిందీ అదే.

అమ్మా, వాళ్ళలో అంత కిందికి, అంతసేపు వంగేది మాటిచ్చేటప్పుడు కాదు, క్షమించమని అడిగేటప్పుడు.

పాటలకు రెండు రోజుల ముందు, గురువారమే తలుపులు మూసి మీటింగు పెట్టారు. ఒగావా గారు, మా డైరెక్టరు శ్రీనివాసరావు గారు, మధ్యలో నేను. ఉగాదికల్లా ఈ పని ఇక్కడ ఆపేసి వేరే దేశానికి ఇచ్చేస్తున్నారట. ఒగావా గారి చేతిలో కూడా ఏమీ లేదట. ఆ మాటలన్నీ నా నోటితోనే చెప్పాను. టీమ్ మొత్తానికి వేరే చోట పని చూపించలేరట. నాకు మాత్రం భాష వచ్చు కాబట్టి ఇంకో టీమ్‌లో వేస్తారట. "ఇది ఈ గది దాటకూడదండి, దివ్యగారూ. నెలాఖరున పిల్లలకి నేనే చెప్తానండి. పార్టీ మాత్రం ఎప్పట్లాగే జరగాలండి" అన్నారు శ్రీనివాసరావు గారు.

ఆ సాయంత్రానికి రో పాట ఇంకా దొరకలేదు. "ఈ మాట వద్దురా, ఇంకోటి పెట్టుకుందాం" అన్నాను. ఎందుకన్నాడు. వెతకడానికి కూర్చున్నాను. దొరక్కపోతే బాగుండునని దేవుడికి మొక్కుకుంటూ వెతికాను. దొరికింది.

శనివారం ఒగావా గారు వంగి, "నన్ను క్షమించండి" అన్నారు. "ఏమన్నాడక్కా? వస్తాడంటనా?" అని శివ నా చెయ్యి పట్టుకున్నాడు. తప్పకుండా వస్తారటరా అన్నాను. మాట చేరవేయడానికి జీతం తీసుకునేదాన్ని, నా తమ్ముడికి ఒక్క మాట చేరవేయలేకపోయాను. ఆయన నా ముఖం చూశారు. ఏం చెప్పానో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

శుక్రవారం ఆపమంటే వాడు కారణం అడుగుతాడు. ఆపొద్దంటే ఆ పిల్ల తండ్రిని మోసం చేసినట్టు. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. దానికి నేను భయపడటం లేదు. రెండు ఉద్యోగాలూ పోతే ఇల్లెలా గడుస్తుందని మాత్రం భయం. రోజూ పొద్దున వాడి పక్కన బస్సులో కూర్చుని వెళ్తున్నాను. వాడేదో చెబుతూ ఉంటాడు. నేను ఊ కొడుతున్నాను. నాకేం చెయ్యాలో తెలియడం లేదమ్మా.

ఇప్పుడే శివ లోపలికొచ్చాడు, ఉత్తరం మీద పుస్తకం పెట్టాను. చేతిలో ఒక మంచి అట్ట కార్డు. "పెండ్లి పత్రికలు అచ్చేసేది తర్వాత జూద్దాం. సార్‌కు మాత్రం వాళ్ళ భాషలో నువ్వే రాయాల. ముందే పంపితే టికెట్టు తీసుకుంటాడు గదా" అన్నాడు. వాడు పక్కనే నిలబడి చూస్తుంటే ఆయన పేరు రాశాను. మిగతాది రేపు రాస్తానని పంపేశాను.

మిగతాది ఏం రాయమంటావమ్మా?

ఇట్లు,
నీ పెద్ద కూతురు,
దివ్య